శనివారం చేతిపాఠం

మనవరాలు బడి నుంచి వచ్చి, భుజం మీది సంచి కూడా దించకుండా నా ముందర నిలబడింది.

"అవ్వా, ఈ పొద్దు ఫిజిక్స్ మిస్ నన్నే పిలిచింది. అందరి ముందరా నేనే చేసినా!" అంది.

గ్లాసు నిండా నీళ్లు పోసి, మీద అట్టముక్క పెట్టి, తలకిందులు చేసిందట. అట్ట ఊడలేదట, నీళ్లు పడలేదట. తొమ్మిదో తరగతి పిల్ల, మొహం వెలిగిపోతోంది. "శభాష్ నా తల్లీ" అని బుగ్గ గిల్లాను గానీ, లోపల ఎక్కడో చురుక్కుమంది. అరవై దగ్గరపడిన మనిషిని, సొంత మనవరాలిని చూసి కుళ్లుకున్నాను. దానికి బొరుగుల్లో ఉల్లిపాయలూ కారమూ కలిపి పెడుతున్నంతసేపూ ఆ మంట తగ్గలేదు.

ఆ మంట ఇవాళ్టిది కాదు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు అంటుకున్నది. చిన్నతనం తలుచుకుంటే మనసు చల్లబడుతుందని చాలామంది అంటారు. నాకు మాత్రం ముందు కడుపు మండుతుంది, ఆ తర్వాతే చల్లబడుతుంది.

మాది ఎర్రగుంట్లకు దగ్గర్లో, నాపరాతి గనుల మధ్య ఉన్న ఊరు. గోడలు నాపరాయి, మిద్దె నాపరాయి, బట్టలుతికేది నాపరాయి, బడిలో మేం కూర్చునే అరుగూ నాపరాయే. సిమెంటు లారీలు పోతుంటే లేచిన దుమ్ము ఆరేసిన బట్టల మీదా, ఎండబోసిన చెనక్కాయల మీదా, మా కనురెప్పల మీదా సన్నగా పడేది. ఎండాకాలం సాయంత్రం కాలిన బండల మీద నాలుగు చుక్కలు నీళ్లు చిలకరిస్తే ఒక వాసన లేచేది. ఇప్పుడు ఆ మిద్దెలన్నీ పోయి సిమెంటు స్లాబులు వచ్చాయి. వాటి మీద ట్యాంకరు నీళ్లు పోసినా ఆ వాసన రాదు.

మా నాయన ఆ ఊరి హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాడు. బడిలో ప్రయోగశాల అని బోర్డున్న గది ఒకటి ఉండేది. దాంట్లో విరిగిన బెంచీలూ, ఎలుకలూ ఉండేవి. నాయనకు ఆ గదితో పనే లేదు. "ఫిజిక్సు ఉండేది అద్దాల బీరువాలో కాదప్పా, మీ యమ్మ పొయ్యి కాడ" అని పిల్లలతో అనేవాడు. శనివారం రెండో పీరియడ్‌లో నల్లబల్ల ముట్టేవాడు కాదు. ఇళ్లలో ఉండే వస్తువులేవో ముందు పెట్టి, క్లాసులోంచి ఒకరిని పిలిచి, వాళ్ల చేతనే చేయించేవాడు. తాను మాత్రం చెయ్యి పెట్టేవాడు కాదు. వెనక్కి చేతులు కట్టుకుని నిలబడి, "చెయ్, నువ్వే చెయ్, ఏం కాదు" అనేవాడు. పిల్లలు దానికి చేతిపాఠం అని పేరు పెట్టుకున్నారు.

ఆ పాఠాలకు సామాను సరఫరా మా వంటిల్లు. గిద్దె, కవ్వం, జల్లెడ, ఇత్తడి చెంబు, ఒకసారి రోకలి కూడా పోయింది.

"ఈ ఇంట్లో నుంచి సామాను బడికి పోవడమే గానీ, బడి నుంచి ఒక సుద్దముక్కన్నా ఇంటికొచ్చిందా?" అని అమ్మ నెత్తి కొట్టుకునేది.

నాయన తల్లిని మేం జేజి అనేవాళ్లం. జేజికి కొడుకంటే ప్రాణం. "వాణ్ని ఏమనాకమ్మా. చిన్నప్పుడే వాళ్ల నాయన గడియారం ఇప్పి మంచం మీద పరిచినోడు. మళ్లా బిగించేతలికి రెండు చక్రాలు మిగిలినాయి. అయినా అది తిరిగింది" అనేది.

"తిరిగింది, ఎనక్కి" అనేది అమ్మ.

నాయనకు ఒక నియమం ఉండేది. ఇంట్లో చేసి చూడనిదే బడిలో చేయించడు. శుక్రవారం సాయంత్రం టీ తాగి, పెరట్లో గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడు. సాయానికి నేను. ఇది పట్టుకో, అది ఊదు, కదలొద్దు. ఇంట్లో ఏదీ ఒక పట్టాన అయ్యేది కాదు. రబ్బరు గొట్టంతో బానలోంచి నీళ్లు పైకి లాగమంటే నా నోరంతా రబ్బరు చేదు. భూతద్దం పెడితే కాలాల్సిన కాగితం కాలలేదు, నా పావడా అంచు కాలింది. అగ్గిపెట్టెలకు దారం కట్టి టెలిఫోను చేసి, ఒక పెట్టె జేజి చెవికి ఇచ్చాం. దారం ఎంత లాగినా వేలాడుతూనే ఉండేది.

"ఏమీ ఇనపడలేదు నాయనా. ఆ పెట్టె ఆడ పారేసి నోటితో చెప్పు" అంది జేజి.

పని చెడితే నాయనకు విసుగు వచ్చేది. "సరిగ్గా పట్టుకోలేవా?" అని నన్నే కసిరేవాడు. దోమలు మొదలయ్యే వేళకు ఎలాగో ఒకసారి కుదిరేది. అప్పటికి ఇద్దరికీ ఓపిక అయిపోయి ఉండేది. "సరే, అయింది. పో, పోయి చదువుకో" అనేవాడు.

అదే పని మర్నాడు క్లాసులో మొదటిసారే అయ్యేది. అక్కడి మనిషే వేరు. కసురు లేదు, విసుగు లేదు. పిల్లలు తప్పు చేస్తే నవ్వేవాడు, "బాగుంది, ఎందుకట్లయింది?" అని అడిగేవాడు. ఆ బాగుంది అనే మాట మా పెరట్లో నేను ఒక్కసారి కూడా వినలేదు. తప్పులన్నీ నా దగ్గర చేసుకుని, ఒప్పులన్నీ ఊరి పిల్లలకు పంచేవాడు. నాకు ఒళ్లు మండకుండా ఎట్లా ఉంటుంది?

పైగా నేను చెయ్యి ఎత్తకూడదు. ఆ బడిలో చేరిన రోజే నాయన గట్టిగా చెప్పాడు.

"బళ్లో నేను సారును. ఆడ నిన్ను పిలవను, నువ్వు చెయ్యెత్తాకు. నీకు ఇంట్లోనే తెలిసిపోయింటాది. తెలిసినోళ్లు ముందే చెప్తే తెలీనోళ్లకు రుచి పోతాది. అదీగాక, సారు కూతురికే అన్నీ అని ఒక్క మాట నా చెవిన పడకూడదు."

సరేనన్నాను. ఎనిమిదిలో సర్దుకున్నాను, తొమ్మిదిలో పళ్లు కొరుక్కున్నాను. పదిలో నా వల్ల కాలేదు. దానికి కారణం చర్చి వీధి పిల్ల.

ఆ పిల్ల అమ్మానాన్నలిద్దరూ గనిలో బండలు తీసేవాళ్లు. ఆదివారం పొద్దున తలకు నూనె పెట్టుకుని, తల్లి పక్కన పాటల పుస్తకం పట్టుకుని మా ఇంటి ముందు నుంచే పోయేది. మార్కులు నాకంటే తక్కువ. ఈ మాట ఇప్పటికీ చెప్పకుండా ఉండలేను. కానీ ఏదైనా కొత్తది కళ్ల ముందు జరిగితే ఆ పిల్ల "ఓయమ్మా!" అనేది. ఊరికే నోటితో అన్నట్టు ఉండేది కాదు. కళ్లు, కనుబొమలు, చేతులు అన్నీ కలిసి అనేవి. ఆ మాట విన్నప్పుడు నాయన మొహం చూడాలి. వారమంతా ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టినట్టు ఉండేది. నేను అట్లా అనలేను. అనాలంటే నాకు తెలియకుండా ఉండాలి కదా.

ఒక శనివారం నాయన బడి వాకిట్లో పెద్ద నాపబండ వేయించి, దాని మీద క్లాసులో అందరికంటే లావైన పిల్లోణ్ని కూర్చోబెట్టాడు. ఆ పిల్లను పిలిచి, చేతికి గడ్డపార ఇచ్చి, దాని కింద రాయి పెట్టించి నొక్కమన్నాడు. బండా, పిల్లోడూ కలిసి లేచారు. వాడు కెవ్వుమన్నాడు. "ఓయమ్మా! మా నాయన దినామూ చేసేది ఇదేనా సార్!" అంది ఆ పిల్ల. నాయన "అదే తల్లీ, అదే!" అన్నాడు. తల్లీ అన్నాడు. నన్ను ఇంట్లో కూడా అట్లా పిలవడం అరుదు.

అగ్గిపెట్టెల టెలిఫోను ఇంకా ఘోరం. క్లాసు ఈ చివర ఆ పిల్ల, ఆ చివర నాయన. దారం బిగుతుగా ఉంది. నాయన పెట్టెలో మెల్లగా ఏదో అన్నాడు. ఆ పిల్ల విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. ఏం చెప్పాడని అందరూ అడిగారు. ఆ పిల్ల చెప్పలేదు. నేను ఇంట్లో నాయనను అడిగితే "ఏందో అన్నాలే, నాకు గుర్తులేదు" అన్నాడు. ఆ రాత్రి నాకు సంగటి ముద్ద దిగలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా నాయనకు నిజంగానే పొరుగింటి పిల్లలే రుచి అనుకున్నాను.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బావులు ఎండి, ఊరికి ట్యాంకరు వచ్చేది. వచ్చిన రోజు వీధంతా బిందెల చప్పుడు, తిట్లు. నీళ్లు ఎంత పొదుపంటే, బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్లతో కరివేపాకు చెట్టు. అట్లాంటి ఏడు నాయన ఒక పాత డబ్బాకు పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి బెజ్జాలు పొడిచాడు. నీళ్లు పోస్తే కింది బెజ్జం నీళ్లు అన్నిటికంటే దూరం పడతాయి. దానికి పిల్లలందరినీ ఇళ్ల నుంచి గ్లాసులు తెచ్చుకొమ్మన్నాడు. ఒక్క చుక్క నేల మీద పడకూడదు, పట్టుకుని తాగాలి.

ఆ రోజు మొదటి పీరియడ్ అయిపోగానే నేను ఒక పని చేశాను. బెంచీ బెంచీకీ పోయి "కింది బెజ్జం నీళ్లే దూరం పడతాయి, చూడండి" అని అందరికీ చెప్పేశాను. చేతిపాఠం మొదలైంది. నీళ్లు పడ్డాయి. క్లాసంతా గమ్మున గ్లాసులు పట్టింది. చర్చి వీధి పిల్ల కూడా "ఔ సార్, కిందిదే" అని ఊరుకుంది. నాయన ఒక్క క్షణం తెల్లబోయి, నా బెంచీ వైపు చూశాడు.

ఆ తర్వాతి శుక్రవారం సాయంత్రం నేను పెరట్లోకి పోబోతే తలుపు రాలేదు. నాయన అవతల గడియ పెట్టుకున్నాడు.

ఎంతసేపు కొట్టినా తీయలేదు. బడిలో చోటు లేదు సరే, ఇప్పుడు పెరట్లో కూడా లేదు. తలుపుకు చెంప ఆనించి అక్కడే కూర్చున్నాను. ఇవతల జేజి చెనక్కాయలు ఒలుచుకుంటూ, "పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నువ్వు మీ నాయనకు పెరటి చెట్టువే. ఊరుకోమ్మే, ఇంద, తిను" అని గుప్పెడు గింజలు ఇచ్చింది. తినలేదు. తలుపు సందులోంచి కిరసనాయిలు పొయ్యి వాసన, కాలిన రేకు వాసన వచ్చాయి. ఏదో బుసబుసమంది. కాసేపు చప్పుడు లేదు. "థూ" అన్నాడు నాయన. మళ్లీ పొయ్యి వెలిగించాడు. ఈసారి నీళ్లు భళ్లున పోసిన చప్పుడు, వెంటనే ఢబ్బుమని పిడుగు పడ్డట్టు ఒక మోత, దాని వెంట అమ్మ కేక వినిపించాయి.

"అయ్యో, బిందెడు నీళ్లూ ఒక్కసారే పోస్తివే! రేప్పొద్దున్నకు నీ పాఠం తాగల్నా మేము?"

మర్నాడు కడప నుంచి పెద్దాఫీసరు బడి చూడటానికి వచ్చాడు. మా క్లాసులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. హెడ్మాస్టరు పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. బల్ల మీద కిరసనాయిలు పొయ్యి, దాని మీద మరమూత ఉన్న నూనె డబ్బా. డబ్బాలో గుక్కెడు నీళ్లు. పక్కన మేము తాగడానికి పెట్టిన బిందె. నీళ్లు మరిగి డబ్బా నోట్లోంచి ఆవిరి జోరుగా వచ్చాక, పొయ్యి మీంచి దించి, మూత బిగించి, మీద చల్లనీళ్లు కుమ్మరించాలి. లోపలి ఆవిరి చల్లబడి, బయటి గాలి బరువుకు డబ్బా నలగాలి.

నాయన పిలిచింది ఇంకెవరిని? చర్చి వీధి పిల్లనే.

ఆ పిల్ల గుడ్డతో డబ్బా పట్టి దించింది, మూత బిగించింది. అంతా చక్కగా చేసింది. చెంబుతో నీళ్లు ముంచి డబ్బా మీద పోయడం దగ్గరే వచ్చింది తంటా. పోసింది కాదు, చిలకరించింది. గుడిసె పక్కన తీగ మొదట్లో పోసినట్టు, నాలుగు చుక్కలు ఈ పక్క, నాలుగు చుక్కలు ఆ పక్క.

"అంతా పోయ్ తల్లీ" అన్నాడు నాయన.

"పోస్తాండా సార్" అంది. ఇంకో నాలుగు చుక్కలు.

ట్యాంకరు రాని రోజు మైలు దూరం పోయి బిందె మోసుకొచ్చే చెయ్యి అది. నీళ్లు పారబోయడం దానికి రాదు. ఆ పాత మూత మెల్లగా గాలి పీల్చుకున్నట్టుంది. డబ్బా ఒక పక్క కొంచెం చొట్టపోయి, అట్లాగే కూర్చుంది.

"ఏం మాస్టారూ, ఇంతేనా?" అన్నాడు పెద్దాఫీసరు. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. నాయన చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. అయినా వెనక్కి కట్టుకున్న చేతులు విప్పలేదు. "ఇంకొక్కసారి సార్" అని, ఆ పిల్ల చేతనే డబ్బాలో మళ్లీ నీళ్లు పోయించి, పొయ్యి వెలిగింపజేశాడు. ఆవిరి వచ్చింది. డబ్బా దిగింది. మూత బిగిసింది. ఆ పిల్ల బిందె వైపు చూసి, ఏడుపు గొంతుతో "మళ్లా పోయల్నా సార్?" అంది.

నాయన క్లాసంతా ఒకసారి చూశాడు. చూపు నా దగ్గర ఆగింది.

"నువ్వు రా."

మూడేళ్లుగా ఆ బడిలో నాయన నాతో అన్న మొదటి మాట అది. నీళ్లు పారబోయడానికి జంకని పిల్ల నేనొక్కదాన్నే అనుకున్నాడో, నా మొహంలో కోపం చూసి ఇది ఆగే రకం కాదనుకున్నాడో నాకు తెలియదు. నేను లేచి పోయాను. చెంబు ముట్టలేదు. బిందె నడుము పట్టుకుని ఎత్తి, ఉన్న నీళ్లన్నీ ఒక్క విసురున డబ్బా మీద కుమ్మరించాను. మూడేళ్ల కడుపుమంట అంతా దాంట్లోనే పోసినట్టున్నాను.

డబ్బా ఢబ్బుమని నలిగి, గుడ్డ పిండినట్టు మెలికపడి, బల్ల మీంచి దొర్లి కింద పడింది. క్లాసంతా ఒక్క అరుపు అరిచింది. పెద్దాఫీసరు కుర్చీలోంచి లేచాడు. నేను అరవనూ లేదు, డబ్బాను చూడనూ లేదు. నాయన మొహం చూశాను. ఎప్పుడూ బెంచీలోంచి, వేరేవాళ్ల వైపు తిరిగి ఉండగా చూసిన ఆ మొహం ఇప్పుడు నా వైపు తిరిగి ఉంది. "బాగుంది" అన్నాడు. "ఎందుకట్లయింది?" అన్నాడు.

చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. సార్ అని మాత్రం నాలుగైదు సార్లు అన్నాను.

"ఎవరి పాప, మాస్టారూ?" అని అడిగాడు పెద్దాఫీసరు.

"మా పదో తరగతి పిల్ల సార్" అన్నాడు నాయన.

నా కూతురు అనలేదు. వేరే పిల్లయితే బాధపడేదేమో. నాకు మాత్రం నేల మీద కాళ్లు ఆనలేదు. గర్వంగా చర్చి వీధి పిల్ల వైపు తిరిగాను. ఒక్కసారి, ఒక్కసారన్నా అది నన్ను చూసి కుళ్లుకుంటుందేమోనని. దానికి ఆ తీరిక లేదు. కింద కూర్చుని, బండల సందుల్లోకి ఇంకిపోతున్న నీళ్లను చూస్తోంది.

"బిందెడు నీళ్లు గదమ్మే! మధ్యాన్నం దాంకా ఏం తాగల్ల మనము?" అంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర నేను నాయన ఎదురుగా కూర్చున్నాను. సంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి. నాయన ఆ ఊసే ఎత్తడేమిటని చూసి చూసి నేనే అడిగాను.

"నాయనా, వచ్చే శనివారం కూడా పిలుస్తావా?"

"లేదు." ముద్ద ముంచుకుంటూ అన్నాడు. "ఆ పిల్లోళ్లకు ఆ గంట తప్ప నేను యాడ దొరుకుతా? నీకు ఇంట్లో దినామూ దొరుకుతాండా గదా."

"ఇంట్లో దొరికేది నాయన. సారు కాదు."

నాయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "దీని నోట్లో నోరు పెట్టలేం" అని జేజి నవ్వింది. అమ్మ నవ్వలేదు. తర్వాతి శుక్రవారం పెరటి తలుపు తీసే ఉంది. "ఇది పట్టుకో, కదలొద్దు" అన్నాడు, మునుపటిలాగే. బడిలో మాత్రం పరీక్షలయ్యేదాకా ఇంకొక్కసారి కూడా పిలవలేదు. మాట మీద నిలబడే మనిషి.

నాయన పోయిన ఏడు, దినాల నాడు ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు శానామందే వచ్చారు. జుట్టు నెరిసినవాళ్లు, లారీలున్నవాళ్లు, వేంపల్లె నుంచి, కడప నుంచి. భోజనాలయ్యాక షామియానా కింద కూర్చుని ఒక్కొక్కరూ తమ శనివారం చెప్పుకున్నారు. "సారు నా చేతనే తక్కెడ సరిచేయించినాడప్పా" అని ఒకరు. బండ మీద కూర్చున్న ఆ లావు మనిషి తన కేక తానే మళ్లీ కేకేసి చూపించాడు. నేను ఆడవాళ్ల మధ్య, చనిపోయినాయన కూతురిగా కూర్చుని వింటున్నాను. ఎవరో ఒకరు నా శనివారం చెప్పకపోతారా అని ఎదురుచూస్తున్నాను. అప్పుడు చర్చి వీధి పిల్ల లేచింది. అప్పటికి బద్వేలులో టీచరుగా చేస్తోంది. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది.

"పెద్దాఫీసరు వచ్చిన పొద్దు డబ్బా నలిగింది చూడండి, ఆ నీళ్లు పోసింది నేనే. ఓయమ్మా, ఎంత మోత! నేను టీచర్నయింది ఆ మోత ఇన్నాకే" అంది.

అబద్ధం చెప్పడం లేదు. ముందు పోసింది ఆమే. ఆమెకు తాను పోసిన నీళ్లూ, డబ్బా నలిగిన మోతా గుర్తున్నాయి. మధ్యలో ఉన్న నేను గుర్తులేను. అందరూ చప్పట్లు కొట్టారు. కాదు, పోసింది నేను అనడానికి నోరు తెరిచాను. మాట బదులు ఏడుపు వచ్చింది. పొద్దుట్నుంచీ రానిది, ఆపుకుందామన్నా ఆగలేదు. ఆమే గబగబా వచ్చి నా పక్కన కూర్చుని, వీపు నిమిరింది.

"ఏడవాకమ్మే. నాయన గుర్తొచ్చినాడా?" అంది.

తల ఊపాను. నాకు గుర్తొచ్చింది సారు.